మధుమేహము: ఒక పేరు, రెండు వ్యాధులు

నేడు ఏ ఇంట విందు జరిగినను, పంక్తిలో ఒకరిద్దరు బూరెను ప్రక్కకు జరిపి "మాకు షుగరండి" అని చెప్పుట పరిపాటియైనది. వడ్డించువారు మరి బలవంతపెట్టరు. ఆ ఒక్క మాటతో అన్నియు అర్థమైనట్లు అందరమును తలయూతుము. కాని ఆ పంక్తిలోనే పదునాలుగేండ్ల బాలుడొకడు భోజనమునకు ముందు పొట్టకు సూదిమందు వేసికొని వచ్చి కూర్చుండి యుండవచ్చును. అతని ప్రక్కనున్న ఏబదియేండ్ల పెద్దమనిషి ఉదయమొక మాత్ర, రాత్రి యొక మాత్ర మ్రింగువాడై యుండవచ్చును. ఇరువురి వ్యాధికిని పేరొక్కటే. బాలుని శరీరమున ఇన్సులిన్ ఊరుట దాదాపు నిలిచిపోయినది. పెద్దమనిషి శరీరమున ఇన్సులిన్ కలదు, ఒక్కొక్కప్పుడు అందరికంటె హెచ్చుగానే కలదు, కాని దాని మాట చెల్లుట లేదు. ఈ భేదమును ప్రయోగపూర్వకముగా నిరూపించినది 1936 వ సంవత్సరమున. అంతకు పూర్వము ఒకరికి తగిన పథ్యమునే రెండవవారికిని పెట్టిరి. అందువలన కొందరు కోలుకొనిరి. కొందరు, వారిలో పెక్కురు పిల్లలు, ఆకలితో కృశించిరి. ఆ కథను ఈ ప్రసంగమున కొంత చెప్పదలచితిమి.

ఈ భేదము మన పూర్వులకు తోచకపోలేదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున ప్రమేహము రెండు విధములని కలదు: పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది యొకటి. మొదటి దానికి లోనైనవాడు కృశించి, శరీరము పొడిబారి, కొద్దిగా తినుచు, దప్పికతో నుండును. రెండవవాడు స్థూలకాయుడు, బహుభోజి, పరుపును పీటను వదలనివాడు. సన్ననివానికి పుష్టినిచ్చు అన్నపానములు, లావైనవానికి శరీరమును తగ్గించు చికిత్స చేయవలెనని విధి. ధనము, బంధువులు లేని రోగికి చెప్పిన చికిత్స మరియు చిత్రమైనది: చెప్పులు గొడుగు లేకుండ, బిచ్చమెత్తి తినుచు, ఊరికొక రాత్రి చొప్పున ఉండుచు నూరు యోజనములో అంతకు మించియో నడువవలెను, లేదా నుయ్యి త్రవ్వవలెను. అంతదూరము అట్లు నడచినవాడు పూర్వపు లావుతో ఇంటికి తిరిగివచ్చుట కష్టమే. ఆ మాటలకు వెంటనే కృశించిన రోగిని మాత్రము ఎల్లవేళల కాపాడుకొనవలెనను హెచ్చరికయు కలదు. ప్రమేహమనగా నేటి మధుమేహమే యని చెప్పరాదు. ఇరువది రకముల మూత్రవికారములను ఆ పేర చేర్చిరి. అయినను ఆ చిన్న హెచ్చరికను మనము గుర్తుంచుకొందము. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో దానికి విరుద్ధముగా జరిగినది.

పాశ్చాత్య దేశములలో ఈ వ్యాధిచరిత్ర వేరొక దారిని నడచినది. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో కప్పడోషియా వైద్యుడు అరిటేయస్, రోగి మాంసమును అవయవములును కరగి మూత్రమై పోవుచున్నవని వర్ణించెను. గ్రీకున 'డయాబిటీస్' అనగా లోపల నిలువక దాటిపోవునది. రోగి మూత్రము తేనెవలె తియ్యగా నుండునని 1674 లో ఆంగ్లవైద్యుడు థామస్ విల్లిస్ వ్రాసెను; మనకు ఆ సంగతి వ్యాధి పేరులోనే కలదు. 1776 లో లివర్‌పూల్ నగర వైద్యుడు మాథ్యూ డాబ్సన్, మూత్రమును ఇగిర్చగా మిగిలినది చక్కెరయేనని ప్రకటించెను. రక్తముకూడ తియ్యగా నున్నదని ఆయన గమనించుట మరింత ముఖ్యమైనది. అనగా దోషము మూత్రపిండములది కాదు, శరీరమంతటిది.

చక్కెర తినకున్నను చక్కెర పోవుచున్నదనగా అది ఆహారమునుండియే పుట్టుచుండవలెను. ఈ తర్కముతో 1797 లో బ్రిటిషు సైనికవైద్యుడు జాన్ రోలో, కెప్టెన్ మెరెడిత్ అను స్థూలకాయునికి ధాన్యము, కూరగాయలు దాదాపు మాన్పించి పాలు, మాంసము, కొవ్వు మాత్రమే పెట్టెను. మాంసము కొంత మ్రగ్గినదై యుండవలెననియు నియమము. రోగికి అది ఎంత రుచించెనో గాని, మూత్రమున చక్కెర తగ్గెను, శరీరము తేలికపడెను, ఆయన కోలుకొనెను. నిర్ణీతమైన పథ్యముతో ఈ వ్యాధిని లొంగదీయవచ్చునను ఆశ పాశ్చాత్య వైద్యులకు కలిగినది ఈ వృత్తాంతముతోనే. మెరెడిత్ లావుపాటి మనిషి యనుట వారు అంతగా పట్టించుకొనలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున వైద్యుని కొక పథ్యము. పోయిన చక్కెరను భర్తీ చేయవలెనని రోగులచేత మరింత చక్కెర తినిపించినవారును పారిసులో కలరు. పిదప ఓట్ల పథ్యము, బంగాళాదుంపల పథ్యము వచ్చినవి. నేపుల్సు నగరమున కాంటానీ అను వైద్యుడు దొంగతనముగా తినకుండ రోగులను గదిలో పెట్టి తాళము వేసెడివాడు. వీరందరిలో నిజమును తాకినవాడు ఫ్రెంచి వైద్యుడు బూషార్దా. 1870 సెప్టెంబరు నుండి 1871 జనవరి వరకు ప్రష్యా సైన్యము పారిసును ముట్టడించినప్పుడు నగరమున తిండి కరువైనది. ఆ కరువుకాలమున తన రోగులలో కొందరి మూత్రమున చక్కెర కానరాకపోవుట బూషార్దా కంటబడెను. ఏమి తినుచున్నారనుట యే కాదు, ఎంత తినుచున్నారనుట కూడ లెక్కలోనిదని ఆయన గ్రహించెను. ఒళ్ళువంచి పనిచేయుడని రోగులకు బోధించెను. మరి పదేండ్లకు పారిసులోనే లాన్సెరో అను వైద్యుడు ఈ వ్యాధి 'సన్నని మధుమేహము', 'లావు మధుమేహము' అని రెండు తీరులుగా నున్నదని వ్రాసెను. సుశ్రుతుని మాటయే మరల పుట్టినది. అది గ్రంథములలోనే నిలిచిపోయెను.

1889 లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనువారు ఒక కుక్క క్లోమగ్రంథిని కోసి తీసివేసిరి. ఆ కుక్కకు తీవ్రమైన మధుమేహము వచ్చినది. ఈ ప్రయోగముతో వ్యాధిస్థానము దొరకినది. క్లోమమున దీవులవలె చెదరియున్న కణముల గుంపులను 1869 లోనే లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి చూచి వర్ణించియుండెను. ఆ దీవులనుండి ఏదో రసము రక్తములోనికి ఊరుచున్నదని, అది లేకున్న చక్కెర కాలదని శాస్త్రజ్ఞులు ఊహించిరి. దానిని బయటికి తీయుటకు ముప్పదియేండ్లు ప్రయత్నించియు సఫలులు కాలేదు. ఆ ఎదురుచూపు కాలముననే ఆకలి వైద్యము బయలుదేరినది.

దానికి కర్త ఫ్రెడరిక్ ఆలెన్ అను అమెరికా వైద్యుడు. పిల్లుల మీదను కుక్కల మీదను ఏండ్లతరబడి ప్రయోగములు చేసి, 1913 లో వేయి పుటలకు మించిన గ్రంథమొకటి ప్రకటించెను. తరువాత న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయపు ఆసుపత్రిలో చేరెను. క్లోమము బలహీనపడినది, తినిన ప్రతి ముద్దయు దానికి బరువే, కాబట్టి దానికి విశ్రాంతి నీయవలెను, ఇది ఆయన వాదము. రోగిని మూత్రమున చక్కెర పోవువరకు ఉపవాసముంచుట మొదటి మెట్టు. ఆపై ఆకుకూరలు, అవియు మూడుమారులు ఉడికించి నీరు పారబోసినవి. క్రమముగా గ్రుడ్డు, కొద్ది మాంసము. మరల చక్కెర కనబడిన మరల ఉపవాసము. పూర్వవైద్యులు పిండిపదార్థములు మాన్పించి కొవ్వును కావలసినంత తిననిచ్చెడివారు. ఆలెన్ కొవ్వునుకూడ కత్తిరించెను. శరీరపు బరువే తగ్గవలెనని ఆయన పట్టుదల. బోస్టను నగరమున ప్రసిద్ధ వైద్యుడు ఎలియట్ జోస్లిన్ కూడ ఈ పద్ధతిని స్వీకరించెను.

నడివయస్సు దాటిన స్థూలకాయులకు ఇది బాగుగనే పనిచేసినది. పిల్లల సంగతి వేరు. అట్టి పిల్లలు ఇంటివద్ద ఇష్టము వచ్చినట్లు తినుచున్న యెడల కొలదికాలములోనే స్పృహతప్పి మరణించెడివారు. ఆలెన్ పథ్యముతో ఆ ఆయువు ఇంకొక యేడో రెండేండ్లో సాగెడిది. సాగిన ఆయువు ఎట్టిదో ఆలెన్ స్వయముగా దాచక ప్రకటించిన రోగుల వృత్తాంతములలో కాననగును. పండ్రెండేండ్ల బాలుడొకడు, వ్యాధిచే చూపు పోయినవాడు, ఎంత కట్టడి చేసినను అతని మూత్రమున చక్కెర కనబడుచుండెను. తిండి ఎక్కడినుండి వచ్చుచున్నదో వైద్యులకు అంతుపట్టలేదు. విచారింపగా పళ్ళు తోముకొను పేస్టును, ముచ్చటపడి తెప్పించుకొన్న కనారీ పిట్ట పంజరములోని గింజలను తినుచున్నాడని తేలెను. ఆ బాలుని బరువు నలుబది పౌనులైనను లేదు. తుదకు మరణించెను.

ఆలెన్‌ను క్రూరుడనుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆయన చేతిలో మరియొక సాధనము లేదు. తప్పెచట నున్నదనగా, లావైన రోగికి ఉపకరించిన సూత్రము సన్నని పిల్లవానికిని ఉపకరించునని నమ్ముటలో నున్నది. ఆ నమ్మకము ఆయన ఒక్కనిదియు కాదు.

ఆ రోగులలో అందరికంటె పేరుపడినది ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక. ఆమె తండ్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ న్యూయార్కు గవర్నరుగా పనిచేసినవాడు, 1916 లో అధ్యక్షపదవికి పోటీచేసినవాడు, 1921 నుండి అమెరికా విదేశాంగమంత్రి. 1919 లో పదునొకండేండ్ల వయస్సున ఆమెకు వ్యాధి బయటపడినది. అప్పటి బరువు 75 పౌనులు. ఆలెన్ చెప్పిన కొలతలను ఆ పిల్ల ఒక్క గ్రామైనను తప్పక పాటించినది. పుట్టినరోజున కేకునకు బదులు టోపీపెట్టెకు రంగుకాగితము చుట్టి, దానిమీద క్రొవ్వొత్తులు వెలిగించెడివారు. మూడేండ్లు అట్లు గడచినవి. 1922 ఆగస్టు నాటికి ఆమె వయస్సు పదునైదేండ్లకు చేరువ. బరువు 45 పౌనులు.

ఈ నడుమ కెనడాలో వేరొక కథ నడచుచుండెను. 1920 అక్టోబరు చివర ఫ్రెడరిక్ బాంటింగ్ అను యువకుడు, ప్రాక్టీసు సాగని శస్త్రవైద్యుడు, ఒక వ్యాసము చదివి నిద్రపట్టక ఒక ఊహను కాగితముపై గీకికొనెను. క్లోమపు నాళమును ముడివేసిన యెడల జీర్ణరసము నిచ్చు భాగము క్షీణించి దీవులు మిగులును, వానినుండి కావలసిన రసము తీయవచ్చును అని ఆ ఊహ. ఊహయందు లోపములు కలవని తరువాత తేలినది. అయినను దాని నంటిపెట్టుకొని టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మక్లియాడ్‌ను ఆశ్రయించెను. 1921 మే నెలలో ఒక గది, కొన్ని కుక్కలు, చార్లెస్ బెస్ట్ అను విద్యార్థి సహాయము దొరకెను. ఆ వేసవియంతయు క్లోమము తీసిన కుక్కలకు క్లోమసారము నెక్కించి రక్తమున చక్కెర తగ్గుట చూచిరి. సారము మలినముతో కూడియుండెను. దానిని శుద్ధిచేయుటకు డిసెంబరులో కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు చేరెను.

1922 జనవరి 11 వ తేదీన టొరంటో జనరల్ ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదటి సూదిమందు నిచ్చిరి. అతడు 65 పౌనుల బరువున, ఆకలి పథ్యముమీద నుండెను. మందు అంతగా పనిచేయలేదు. సూది గుచ్చినచోట చీముగడ్డ వేసినది. కాలిప్ పండ్రెండు దినములు శ్రమించి సారమును శుద్ధిచేసెను. 23 వ తేదీన మరల ఇచ్చిరి. రక్తమున 520 మిల్లీగ్రాములున్న చక్కెర ఒక్కనాటిలో 120 కి దిగినది. థాంప్సన్ మరి పదుమూడేండ్లు జీవించెను. శాస్త్రజ్ఞుల నడుమ ఆ దినములలో జరిగిన కలహములను గురించి గ్రంథములే కలవు. మనకు వానితో పనిలేదు. ఒక్క విషయము మాత్రము చెప్పుకొనవలెను. బాంటింగ్, బెస్ట్, కాలిప్‌లు తమ హక్కును తలకొక డాలరునకు విశ్వవిద్యాలయమునకు వ్రాసి ఇచ్చిరి. నూరేండ్ల పిదపకూడ, ధర భరింపలేక మందు తగ్గించుకొని వాడు రోగులు అమెరికా వంటి సంపన్నదేశమున సైతము ఉండుట చూచినప్పుడు ఆ మూడు డాలర్లు మనకు గుర్తునకు రాక తప్పదు.

అప్పటికి ఆలెన్ న్యూజెర్సీలోని మారిస్‌టౌన్‌లో స్వయముగా ఒక చికిత్సాలయమును నడపుచుండెను. టొరంటోకు పోయి మందు గురించి తెలిసికొని ఆయన తిరిగివచ్చిన రాత్రిని, అచట నర్సుగా నుండిన యొకరు తరువాత వ్రాసియున్నారు. వారములతరబడి మంచమునుండి లేవనివారుకూడ గోడ పట్టుకొని, ఒకరి భుజమొకరు పట్టుకొని నడవలోనికి వచ్చి నిలుచుండిరట. ఎవరును నోరు విప్పలేదట. ఆలెన్ ద్వారమువద్ద ఆగి, ఆ ముఖములను చూచి, మీకు ఈయదగినది యొకటి దొరకినదనుకొందునని మాత్రము మెల్లగా పలికెనట.

ఎలిజబెత్ ఆగస్టు 16 వ తేదీన టొరంటోకు వచ్చి బాంటింగు చికిత్సలో చేరినది. ఆయన సూదిమందు నారంభించి, ఆహారమును కొలదివారములలోనే దినమునకు రెండువేల కేలరీలు దాటించెను. అదివరకు ఆమె కెన్నో దినములు దానిలో సగమైనను దక్కలేదు. రొట్టె తినగలిగినందుకు కలిగిన సంతోషమును తల్లికి జాబులలో వ్రాసికొన్నది. ఆ జాబులు నేటికిని టొరంటో విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నున్నవి. ఆమె పెండ్లాడి, ముగ్గురు బిడ్డల తల్లియై, 1981 లో డెబ్బదిమూడవ యేట మరణించినది. అంతకాలమున దాదాపు నలుబది రెండువేల సూదులు పొడుచుకొన్నదని లెక్క.

బాంటింగ్, మక్లియాడ్‌లకు 1923 లో నోబెలు బహుమతి వచ్చినది. ఇన్సులిన్ బ్రదికించినవారిలో హార్వర్డు వైద్యుడు జార్జి మైనో యొకడు. 1921 లో మధుమేహము బయటపడి జోస్లిన్ పథ్యముతో రోజులు లెక్కించుచుండిన మైనో, మందు దొరకిన పిదప రక్తక్షీణతకు కాలేయము మందని నిరూపించి 1934 లో తానును నోబెలు బహుమతి నందుకొనెను. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ హార్వర్డులోనే కాలేయసారము మీద పరిశోధన సాగించిన సంగతి ఈ సందర్భమున మనవారికి ముచ్చట గొలుపును.

ఇక కథ ముగిసినదని అందరును తలచిరి. మధుమేహమనగా ఇన్సులిన్ లేమి, దానికి మందు ఇన్సులిన్, ఇంతకంటె ఏమున్నది? కాని రోగులు ఆ లెక్కకు ఒదుగలేదు. సన్నని పిల్లవానికి కొద్ది మోతాదు చాలును, కొంచెము హెచ్చిన చెమటలు పట్టి తూలిపోవును. లావుపాటి పెద్దమనిషికి దానికి ఎన్నో రెట్లిచ్చినను చక్కెర కదలదు. లండనులోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రియందు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అను యువవైద్యుడు దీనిని పరీక్షింప బూనుకొనెను. ఆయన పద్ధతి చెప్పిన సులభముగా తోచును. రోగిచేత చక్కెరనీరు త్రాగించి, అదే సమయమున నరములోనికి ఇన్సులిన్ ఎక్కించి, గడియ గడియకు రక్తమును పరీక్షించుట. కొందరి రక్తమున చక్కెర పెరుగకుండ ఇన్సులిన్ అణచిపెట్టెను. మరికొందరిలో ఇన్సులిన్ ఈయనే లేదన్నట్లు చక్కెర ఎగబ్రాకెను. 1936 లో ఆయన లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున ఇన్సులిన్‌కు లొంగునది, లొంగనిది అని మధుమేహమును రెండుగా విభజించెను. మొదటిది తరచు చిన్నవయస్సున, సన్ననివారికి, హఠాత్తుగా వచ్చును. రెండవది పెద్దవయస్సున, లావైనవారికి, మెల్లమెల్లగా వచ్చును.

హిమ్స్‌వర్త్ చెప్పినది రుజువగుటకు రక్తములోని ఇన్సులిన్‌ను కొలువవలెను. అంత సూక్ష్మమైన పదార్థమును కొలుచు త్రాసు అప్పటికి లేదు. 1960 ప్రాంతమున న్యూయార్కులోని బ్రాంక్స్ ఆసుపత్రియందు రోజాలిన్ యాలో అను విదుషీమణియు, సాలమన్ బెర్సన్ అను వైద్యుడును, రేడియోధార్మిక అయొడిను సహాయముతో దానిని సాధించిరి. పెద్దవయస్సున వ్యాధి వచ్చిన రోగులలో చక్కెర త్రాగిన పిదప ఇన్సులిన్ తక్కువగా కాక, ఆరోగ్యవంతులకంటె హెచ్చుగా నుండుట చూచి వైద్యలోకము విస్మయము చెందెను. ఈ పరిశోధనకు యాలో 1977 లో నోబెలు బహుమతి నందుకొన్నది. బెర్సన్ 1972 లోనే గతించెను.

దీనినే నేడు ఇన్సులిన్ నిరోధము అనుచున్నారు. వీధిలో నిలుచుండి పిలుచువాడు కలడు, లోపలివారు వినుట లేదు. కండరములు చక్కెరను లోనికి తీసికొనవు. కాలేయము అవసరము లేకున్నను చక్కెరను రక్తములోనికి వదలుచుండును. పిలుపు వినబడుటకై క్లోమము గొంతు పెంచుచు ఇన్సులిన్‌ను మరింత ఊర్చును. ఇట్లు ఏండ్లు గడచును. అంతకాలము రక్తపరీక్ష బాగుగనే యుండును. క్లోమము అలసి వెనుకబడిననాడే చక్కెర పైకి కనబడును. కాలేయమునను కండరములందును కొవ్వు చేరుట ఈ నిరోధమునకు ముఖ్యకారణములలో నొకటి. నిరోధము, రక్తపుపోటు, రక్తములోని కొవ్వుల వికారము కూడబలుకుకొన్నట్లు ఒకే మనిషియందు చేరుచుండుటను 1988 లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ వివరించెను.

మాత్రల చరిత్ర ఈ భేదమును వేరొక వైపునుండి చూపినది. 1942 లో ఫ్రాన్సులోని మాంపెలియే నగరమున సన్నిపాతజ్వరమునకు ఒక క్రొత్త సల్ఫా మందు నిచ్చుచుండగా కొందరు రోగులు చక్కెర పడిపోయి స్పృహ తప్పిరి, కొందరు మరణించిరి. లుబాతియేర్ అను శాస్త్రజ్ఞుడు ఆ మందు క్లోమముగల కుక్కలలోనే పనిచేయునని, క్లోమము తీసిన కుక్కలలో పనిచేయదని చూపెను. అనగా అది ఇన్సులిన్ కాదు, ఇన్సులిన్‌ను వెలికి తీయు మందు. దాని సంతతి 1955 తరువాత మాత్రలై వచ్చినది. అవి పెద్దవారికి ఉపయోగపడెను, పిల్లలకు పడలేదు. లేని ఇన్సులిన్‌ను అవి ఎక్కడినుండి తెచ్చును? రెండవ తెగ మందు గలీగా అను ఐరోపా మొక్కలోని పదార్థమునకు దగ్గరి బంధువు. దానిని 1922 లోనే డబ్లినులో తయారుచేసి మరచిరి. 1957 లో పారిసు వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహమునకు వాడి చూచెను. అదియే నేడు మన ఇండ్లలో భోజనపు బల్లమీద కనబడు మెట్‌ఫార్మిన్. అది క్లోమమును అదలించదు; ముఖ్యముగా కాలేయము చక్కెర వదలుటను తగ్గించును. దాని తోబుట్టువైన ఫెన్‌ఫార్మిన్ రక్తమున ఆమ్లము పెంచి ప్రాణములు తీసినందున 1970 దశకము చివర అమెరికాలో నిషేధింపబడినది. ఆ చెడ్డపేరు మెట్‌ఫార్మినునకును తగిలి, అది అమెరికా మార్కెట్టు చేరుటకు 1995 వరకు పట్టినది.

పథ్యమా, మందా అను వాదమును తేల్చుటకు 1977 లో బ్రిటనులో ఒక మహాపరీక్ష నారంభించిరి. క్రొత్తగా వ్యాధి బయటపడిన 5,102 మందిని చేర్చుకొని, మొదట మూడు మాసములు అందరిని పథ్యముమీద నుంచిరి. పథ్యమొక్కటితో కోరిన స్థాయికి దిగినవారు కొలదిమందియే. 1998 లో ఫలితములు వెలువడినవి. మందులతో చక్కెరను గట్టిగా అదుపుచేసినవారిలో కన్ను, మూత్రపిండము మొదలగు సూక్ష్మనాళముల ఉపద్రవములు నూటికి 25 వంతులు తగ్గెను. స్థూలకాయులలో మెట్‌ఫార్మిన్ వాడినవారి మరణములు 36 వంతులు తగ్గెను. ఆ ఇరువదియేండ్లలో చాలమందికి ఒక మందు చాలక రెండు, మూడు కావలసివచ్చినవని కూడ తేలినది.

మన దేశమున ఈ విభజన కొంత తికమక పెట్టును. పైకి సన్నగా కనిపించినను పొట్టలోపల కొవ్వు చేరియుండుట, అందువలన నిరోధముండుట మనవారిలో తరచు కనబడుచున్నది. పూనాలో వైద్యుడు యాజ్ఞిక్ బృందము పుట్టిన బిడ్డలయందు సైతము ఈ లక్షణమును చూపియున్నది. కావున సన్నగా నున్నాము గనుక మాకీ వ్యాధి రాదనుట తగదు. 2023 లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధన మండలి అధ్యయనము ప్రకారము దేశమున దాదాపు పదికోట్లమంది మధుమేహులు. మన విస్తరిలో మూడువంతులు అన్నమే. అన్నము మాని జొన్నరొట్టెలు తినుచున్నాము గదా యని రెట్టింపు తినువారిని మేమెరుగుదుము. జొన్నయు పిండిపదార్థమే. పారిసు ముట్టడిలో బూషార్దా గ్రహించిన 'ఎంత' అను ప్రశ్నను అది తప్పించదు.

ఆ ప్రశ్నకు సమాధానముగా ఇటీవల జరిగిన ప్రయోగమొకటి ఆలెన్‌ను మరల గుర్తునకు తెచ్చినది. ఆలెన్ చికిత్సాలయము ఆర్థికమాంద్యపు కాలమున మూతపడినది. ఆయన 1964 లో పెద్దగా ఎవరును తలపని స్థితిలో మరణించెను. స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండులలో మైకేల్ లీన్, రాయ్ టేలర్ అను ఆచార్యులు నడపిన పరీక్షఫలితములు 2017 డిసెంబరులో వెలువడినవి. అందు చేరినవారు 306 మంది. వారిలో సగము మందికి మాత్రలు మాన్పించి, మూడు మొదలు అయిదు మాసములు దినమునకు 825 నుండి 853 కేలరీల పొడిఆహారము మాత్రమే ఇచ్చిరి. పిదప మెల్లగా భోజనము నలవాటు చేసిరి. ఎలిజబెత్ గడపిన దినములకు ఈ లెక్క చాల దగ్గర. ఏడాదికి ఆ సగములో నూటికి 46 మంది మందులు లేకుండనే వ్యాధి పరిధినుండి బయటపడిరి. సాధారణ చికిత్స పొందినవారిలో అట్టివారు 4 గురే. బరువు తగ్గిన కొలది కాలేయములోని కొవ్వు కరగి, క్లోమము తేరుకొన్నది. రెండేండ్లకు 46 తగ్గి 36 ఐనది. బరువు మరల పెరిగినవారికి వ్యాధియు మరల వచ్చినది. అందరును వ్యాధి బయటపడి ఆరేండ్లు దాటనివారు. ఇన్సులిన్ వాడుచున్నవారిని ఆ పరీక్షలో ఒక్కరినైనను చేర్చుకొనలేదు.